ఇటలీ హోటల్లో నల్లకారం

డెబ్బైల్లో బెజవాడ గవర్నర్‌పేటలో ఒక ఇటలీ హోటలు ఉండేదంటే ఇప్పటివాళ్ళు నమ్మరు. నమ్మకపోతే పోనీ. బట్టల కొట్టు పక్కనుంచి మెట్లెక్కితే మొదటి అంతస్తులో ఉండేది. రెండు మూడేళ్ళు నడిచి మూతపడింది. తర్వాత అక్కడ టైపు ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. నేనందులో భోజనం చేసింది ఒక్కసారే. నా పెళ్ళి సంగతి తేలింది ఆ బల్ల దగ్గరే కాబట్టి కుర్చీల రంగుతో సహా గుర్తుంది.

దాని యజమాని గోవా మనిషి. ఏదో ఇటలీ ఓడలో చాలాకాలం వంటపని చేసి, బెజవాడ అమ్మాయిని చేసుకుని ఇక్కడ తేలాడని చెప్పుకునేవారు. ఓడలో ఎలా పెట్టేవాళ్ళో ఇక్కడా అలాగే పెట్టాలని ఆయన పట్టుదల. తెల్లటి బల్లగుడ్డలు, గంజి పెట్టిన చేతిగుడ్డలు, మెడకి నల్ల బో కట్టుకున్న బేరర్లు. పట్టపగలు కిటికీలకి పరదాలు దించి లోపల దీపాలు వెలిగించేవారు. ఇడ్లీ లేదు, బిర్యానీ లేదు, బతిమాలినా చెయ్యరు. గన్నవరంలో విమానం దిగిన కంపెనీ పెద్దలూ, ఆటోనగర్‌లో బాగా సంపాదించి భార్యలకి దర్జా చూపించాలనుకున్నవాళ్ళూ వెళ్ళేవారు. మాలాంటివాళ్ళు కింద బట్టల కొట్టు దాకానే.

నేనప్పుడు ఆ వీధిలోనే ఒక ఎరువుల కంపెనీ ఆఫీసులో టైపిస్టుని. నేను మనసుపడ్డ అతను అదే ఆఫీసులో అమ్మకాలు చూసే ఆఫీసరు. వాళ్ళది గుడివాడ అవతల కాలవ కింద ఊరు, మాగాణి ఉన్న రైతులు. మాది రైల్వే క్వార్టర్స్. నాన్న పార్శిల్ ఆఫీసులో గుమాస్తా, తాతల నాటి నుంచీ క్యాథలిక్కులం. మేమిద్దరం పెళ్ళి చేసుకుందామని అనుకుని అప్పటికి ఏడాది దాటింది. అతను వాళ్ళింట్లో చెప్పాడు, అందులో అబద్ధం లేదు. ఎప్పుడడిగినా వాళ్ళ నాన్న మెత్తబడుతున్నాడనీ, అమ్మ కూడా దారికొస్తోందనీ చెప్పేవాడు. ఆ వెంటనే ఒక మాట కలిపేవాడు. క్రైస్తవుల ఇంట్లో మావాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టరు, వాళ్ళ కాలం మనుషులు కదా, నువ్వే అర్థం చేసుకోవాలి అనేవాడు. నేను అర్థం చేసుకున్నాను. ఆ రోజుల్లో నాకు అర్థం చేసుకోవడం బాగా అలవాటు.

పెద్దవాళ్ళు ఒకసారి కలవకుండా సంబంధం ఎలా తేలుతుంది? మా ఇంటికి వస్తే వాళ్ళు నీళ్ళు ముట్టరు. వాళ్ళింటికి మమ్మల్ని పిలవరు. అప్పుడు అతనికి ఈ ఇటలీ హోటలు తట్టింది. ఆ తిండి ఎవరింటిదీ కాదు కాబట్టి ఎవరికీ పట్టింపు ఉండదన్నాడు. పైగా మామూలు హోటల్లో అయితే వాళ్ళ ఊరివాళ్ళు ఎవరో ఒకరు తగులుతారు, ఇక్కడికైతే రారు. ఎంత తెలివి అని మురిసిపోయాను కూడా.

నాన్నకి ఇది బొత్తిగా నచ్చలేదు. మనింట్లో చెయ్యి కడుక్కోనివాళ్ళకి పిల్లనెలా ఇస్తామని ఆయన ప్రశ్న. అప్పటికే గన్నవరం బడిలో పనిచేసే ఒక మాస్టారి సంబంధం ఆయన దగ్గర సిద్ధంగా ఉంది. అమ్మ మాత్రం నా పక్షం. అమ్మాయి మనసు పడింది, ఒక్కసారి చూద్దామని పోరి ఆయన్ని ఒప్పించింది. ఆదివారం భోజనం సవ్యంగా జరిగితే సరే, లేదంటే మాస్టారికి కబురు చేస్తానని నాన్న తేల్చి చెప్పాడు. రెండు రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. అతను లేని బతుకు ఊహకి కూడా అందేది కాదు.

చర్చిలో పూజ అయ్యాక ఆ బట్టలతోనే వెళ్ళాం. అమ్మ క్రిస్మస్ చీర, నాన్న కోటు, బూట్లు. మేం మెట్లెక్కేసరికి అతనూ వాళ్ళ అమ్మానాన్నా అక్కడ నిలబడి ఉన్నారు. నమస్కారాలయ్యాయి. బేరర్ తలుపు తీశాడు. లోపల నేలంతా ఎర్రటి తివాచీ. అది చూసి వాళ్ళ నాన్నగారు చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి నడిచారు. కండువా భుజాన వేసుకున్న పెద్దాయన వట్టి కాళ్ళతో వెళ్తుంటే తను బూట్లతో వెళ్ళడం మర్యాద కాదనిపించిందేమో, మా నాన్న కూడా వంగి లేసులు విప్పడం మొదలెట్టాడు. బేరర్‌కి ఏం చెయ్యాలో పాలుపోలేదు. నాకు నవ్వొచ్చింది. అతని మొహం మాత్రం కందగడ్డలా అయిపోయింది. నాన్నగారూ వేసుకోండి, వేసుకోండి అని రెండుసార్లు గొణిగాడు. ఆయన వినిపించుకోలేదు.

మొదట చారులాంటిది వచ్చింది. అందులో బీన్సు గింజలు, మాకరోనీ ముక్కలు. అసలు తంటా అక్కడే వచ్చింది. క్రైస్తవులు కదా, మా అమ్మకి ఈ చెంచాల సంగతులన్నీ తెలిసుంటాయని వాళ్ళ అమ్మగారి నమ్మకం. మా ఇంట్లోనూ అందరం చేత్తోనే తింటామని ఆవిడకెవరు చెప్తారు? అమ్మ ముందు మొదలెడితే చూసి తిందామని ఆవిడ, ఆవిడ మొదలెడితే మర్యాదగా ఉంటుందని అమ్మ, ఇద్దరూ ఒకరి చేతుల వంక ఒకరు చూస్తూ కూర్చున్నారు. చారు చల్లారింది. బేరర్ వచ్చి అయిందా అంటే అయిందన్నారు. ముట్టని గిన్నెలు రెండూ తీసుకుపోయాడు.

మాటలు కాలవ నీళ్ళ మీదా, యూరియా కొరత మీదా నడిచాయి. పెళ్ళి ఊసు ఎవరూ ఎత్తలేదు. మాకరోనీ వచ్చింది, టమాటా రసంలో ఉడికించి పైన జున్నులాంటిది కోరి చల్లారు. ఫాదర్‌గారి బంగళాలో పండగ భోజనానికి ఇదే పెట్టారనీ, ఇటలీవాళ్ళకి ఇది మన అన్నంలాంటిదనీ నాన్న వివరించాడు. ఆయన తిన్నది ఒక్కసారే, కానీ గొంతులో రోజూ తినేవాడి ధీమా ఉంది. వాళ్ళ నాన్నగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. నీళ్ళు తాగారు. మళ్ళీ ఒక ముద్ద, మళ్ళీ నీళ్ళు. పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనిషి, ఆకలి మొహంలో కనబడుతోంది. ఆవిడ అయితే పళ్ళెంలో ముక్కల్ని ఇటూ అటూ జరుపుతోంది తప్ప తినడం లేదు.

అప్పుడు మా అమ్మ చేతిసంచీలోంచి ఒక చిన్న స్టీలు డబ్బా తీసింది. మూత తియ్యగానే వెల్లుల్లి, వేయించిన ఎండుమిర్చి వాసన ఆ గదంతా నిండింది. మా ఇంటి నల్లకారం. దొరల తిండి చప్పగా ఉంటుందని ముందే ఊహించి నాకు కూడా చెప్పకుండా తెచ్చింది. ఇంత కష్టపడి ఎవరిదీ కాని చోటు వెతుక్కుని వస్తే, మా ఇంటి తిండిని తీసుకొచ్చి వాళ్ళ మొహం ముందు పెట్టింది. బల్ల కింద కాలితో తన్నాను. అమ్మకి ఆకలితో ఉన్న మనిషి కనిపిస్తే ఇంకేవీ గుర్తుండవు.

"ఇంట్లో కొట్టిందే అన్నయ్యగారూ. కాస్త వేసుకుని చూడండి," అంది.

అతను తల వంచుకున్నాడు. వాళ్ళ నాన్నగారు డబ్బా వంక చూశారు, అమ్మ వంక చూశారు. పళ్ళెం ముందుకి జరిపారు.

"వెయ్యి చెల్లెమ్మా. ఈ చప్పిడి తిండి గొంతు దిగట్లా."

అమ్మ వేసింది. ఆయన ఫోర్కు పక్కన పడేసి చేత్తో కలుపుకుని తిన్నారు. రెండోసారి తనే వేసుకున్నారు. ఆవిడ భర్త వంక ఒకసారి చూసి, తన పళ్ళెం కూడా అమ్మ వైపు తోసింది. ఒక ముద్ద తిని, ఇందులో ధనియాలు కూడా వేయిస్తారా వదినగారూ అని అడిగింది. వదినగారూ అంది. మంచినీళ్ళు ముట్టరన్న మనుషులు మా అమ్మ చేతి కారం కలుపుకుని తింటున్నారు, వరస కలిపి పిలుస్తున్నారు. నాకు కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. అంత సంతోషం నా జన్మలో అంతకు ముందెప్పుడూ ఎరగను. నాన్న కోటు గుండీ విప్పుకుని హాయిగా వెనక్కి వాలాడు.

అమ్మ చెంచాతో కారం తీసి అతని వైపు తిరిగింది. అతను అరచెయ్యి పళ్ళేనికి అడ్డం పెట్టాడు.

"నాకొద్దండీ."

చూపు మాత్రం గోడ దగ్గర నిలబడ్డ బేరర్ మీద ఉంది. వేసుకోరా, బాగుందని వాళ్ళ అమ్మగారు చెప్పింది. వద్దన్నానుగా అని విసుక్కున్నాడు. చెయ్యి తియ్యలేదు.

ఆ కారం అతనికి కొత్త కాదు. ఆఫీసులో అందరి భోజనాలూ అయిపోయి, పక్క గదులవాళ్ళు కాఫీకని కిందకి దిగాక అతను నా టైపు గదికి వచ్చేవాడు. తలుపు వేసేవాడు. నా డబ్బాలో సగం అతనిదే. ఈ నల్లకారమే నేతితో కలుపుకుని వేళ్ళు నాక్కుంటూ తినేవాడు. ఆ తలుపు వెయ్యడం ప్రేమ అనుకున్నాను. నలుగురూ కూర్చున్నప్పుడు నా డబ్బాలోంచి ఒక్క మెతుకు కూడా ఎప్పుడూ తీసుకోలేదని నాకు ఆ బల్ల దగ్గర, ఆ చెయ్యి చూస్తుంటే తెలిసింది. పట్టింపు వాళ్ళ అమ్మానాన్నలదని ఏడాదిగా చెప్పుకొచ్చాడు. వాళ్ళేమో తింటున్నారు.

ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. నా పళ్ళెంలో కారం గుమ్మరించుకుని మాకరోనీ మొత్తం తిన్నాను. తర్వాత కోడి వచ్చింది, అదీ తిన్నాను. ఆఖర్న గుడ్ల కస్టర్డు తెచ్చారు, వదల్లేదు. పెద్దవాళ్ళు నలుగురూ అప్పటికి ఒకింటివాళ్ళలా కబుర్లలో పడ్డారు. నాట్లయ్యాక మీరంతా మా ఊరు రావాలని వాళ్ళ అమ్మగారు పిలిచింది. ధనియాల పాళ్ళు అడిగి చెప్పించుకుంది. మంచి మనిషి. ఆవిడ కోడలిగా బతకడం నాకేమీ కష్టమయ్యేది కాదని ఇప్పటికీ అనుకుంటాను.

దిగేటప్పుడు మెట్ల మీద అతను నా పక్కకి వచ్చాడు.

"అంత పెద్ద హోటల్లో ఆ డబ్బా తియ్యడమేంటి? మీ అమ్మగారికి ముందే చెప్పొచ్చుగా. అందరూ చూస్తున్నారక్కడ," అన్నాడు.

మీ అమ్మానాన్న తిన్నారు కదా అన్నాను. వాళ్ళకేం తెలుసులే అన్నాడు.

రెండు రిక్షాలు మాట్లాడుకున్నాం. నాన్న ముందు రిక్షాలో, అమ్మా నేనూ వెనక. అమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. వాళ్ళు మన కారం కలుపుకుని తిన్నారు, ఇంక నాన్న నోరెత్తలేడు, మాస్టారికి ఏదో ఒకటి చెప్పి పంపించేస్తాడు, ఫాదర్‌గారితో ఎప్పుడు మాట్లాడాలి, ఆవిడకి ఏ రంగు చీర పెట్టాలి. ఎండ మాడిపోతోంది. నేను ఊ కొడుతున్నాను. ఏలూరు కాలవ వంతెన దగ్గర ఎత్తు ఎక్కలేక రిక్షా అతను దిగి తోస్తున్నాడు.

"అబ్బాయికి కారం పడదేమో కదే? మనింటికి వచ్చినప్పుడు అతనికి వేరే చప్పగా వండుతాలే," అంది అమ్మ.

"పడుతుందమ్మా. ఆఫీసులో రోజూ నా డబ్బాలో నల్లకారమే తింటాడు. తలుపేసుకుని."

వంతెన దాటాం. రిక్షా అతను మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు.

"తలుపేసుకునా?" అంది.

అవునన్నాను.

"అయితే వద్దు తల్లీ," అంది అమ్మ.