క్షేమంగా ముగిసిన యాత్ర

సోమశిల వెంకటయ్య బతుకంతా కృష్ణా నదిలో గుండ్రటి పుట్టి పడవ నడపడంతోనే గడిచింది. డెబ్బై దాటాక ఒడ్డున కూర్చుని యాత్రికులతో మాట్లాడటమే మిగిలింది. 2004లో వనపర్తి నుంచి విద్యార్థులతో వచ్చిన మొహసిన్ అనే లెక్చరర్‌కు అలాగే ఒక సంగతి చెప్పాడు. తను పడుచువాడిగా ఉన్నప్పుడు కొందరు తెల్లదొరలు సినిమా తీసే కెమెరాలతో వచ్చి శ్రీశైలం దాకా నది వెంబడి పోయారు. వాళ్ల పుట్టిని నడిపింది తనూ, తమ్ముడు యాదయ్యా.

మొహసిన్‌కు పాత సాహసయాత్రల సినిమాలంటే పిచ్చి. ఎక్కడెక్కడో వెతికి ఆ దొరలు తీసిన సినిమా సీడీ సంపాదించాడు. కాలేజీలో చూపిస్తున్నానని వెంకటయ్యను పిలిపించి ముందు వరసలో కూర్చోబెట్టాడు.

మొదట మంచుదేశం యాత్ర సినిమా ఒకటి వేశారు. బండ్లు లాగే కుక్కలు ఒక్కొక్కటే చచ్చిపోతుంటే మొహసిన్ వాటి పేర్లు తెలుగులో చెబుతూ వచ్చాడు. పిల్లలు కళ్లు తుడుచుకున్నారు. తర్వాత తెర మీదికి కృష్ణ వచ్చింది. తెడ్డు పట్టుకుని నవ్వుతూ యాదయ్య. పుట్టి రాళ్ల మధ్య గిరగిరా తిరిగి బయటపడింది. పిల్లలు ఈలలు వేశారు. వెంటనే శ్రీశైలం గుడి, చేతులూపుతున్న దొరలు. అందరూ క్షేమంగా చేరారని వెనక నుంచి ఇంగ్లీషు గొంతు చెప్పిందని మొహసిన్ తెలుగులో వివరించాడు. చప్పట్లు మోగాయి.

“అందరంటే ఎవలెవలు సార్?” అన్నాడు వెంకటయ్య.

మొహసిన్‌కు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు ముసలాయన. ఇప్పుడు తెర మీద చూసింది మొదటిసారిది. బొమ్మ సరిగ్గా రాలేదని దొరలు మళ్లీ పొమ్మన్నారు. తను ఒద్దన్నాడు. యాదయ్య ఒక్కడే పుట్టి ఎక్కాడు. ఆ రాళ్ల దగ్గరే మునిగిపోయాడు. శవం కూడా దొరకలేదు.

“కుక్కలకు గుడ పేర్లున్నయి గద సార్. మా తమ్మునికి లేకపాయె.”

పిల్లలు అప్పటికే బయట గోలగోలగా టీ తాగుతున్నారు.

ఊళ్లో యాదయ్య భార్య భీమమ్మ ఎదురుచూస్తోంది. పెళ్లయిన ఏడాదికే భర్త పోయాడు. ఒక్క ఫోటో కూడా లేదు. మొహం మరిచిపోయి ఎన్నేళ్లయిందో ఆమెకే తెలియదు. తనకూ చూపించమంది. ఆదివారం మొహసిన్ వచ్చి, పక్కింటి టీవీలో సీడీ పెట్టాడు. వెంకటయ్య లోపల కూర్చోలేక గడపలో నిలబడ్డాడు.

యాదయ్య నవ్వాడు. భీమమ్మ టీవీకి ఆనుకుని కూర్చుంది.

“ఇంత చిన్న పోరడా, బావా? మన మనుమని లెక్కున్నడు.”

పుట్టి రాళ్ల వైపు తిరగగానే ఆమె చెయ్యెత్తి, “జర ఆపు సార్. ఇక్కడిదాకే సాలు,” అంది.

మొహసిన్ ఆపేశాడు. యాదయ్య చావు గురించి ఆ సినిమా తీసిన సంస్థకు ఉత్తరం రాస్తానని మాటిచ్చాడు, రాశాడు కూడా. సినిమా తీస్తుండగా ఎవరైనా చనిపోయినట్లు తమ వద్ద ఆధారం లేదని జవాబు వచ్చింది. వెంకటయ్య దాన్ని చదివించుకుని విని, ఏటి వైపు వెళ్లిపోయాడు. ఆ మాట భీమమ్మకు మాత్రం చెప్పలేదు.