అద్దంలో కనపడే చోటు

ఇంటి పక్కన చెక్క డెక్ మీద బొగ్గుల గ్రిల్లు వెలిగించి పెద్ద వంకాయలు పెట్టాను. తొక్క నల్లబడి చిట్లుతోంది. లోపలి నీరు నిప్పుల మీద పడి చుయ్యిమంటోంది. కాల్చిన వంకాయ వాసన తగిలితే అందరికీ వాళ్ళ అమ్మ వంటిల్లు గుర్తొస్తుందిట. నాకు మాత్రం సరస్సు గుర్తొస్తుంది. తడిసిన పైన్ ఆకులు, ఎండకి వేడెక్కిన అల్యూమినియం రేకు, వాటి మధ్యన సుభద్ర పిన్నిగారు. మా అమ్మాయి నీలిమ ఈ సాయంత్రం దక్షిణాన క్యారీ అనే ఊరి నుంచి వస్తోంది. చుట్టపుచూపుగా కాదు. పెళ్ళి వదిలేసుకొని, అద్దె ట్రక్కులో సామానంతా వేసుకొని, నిన్న పొద్దున బయల్దేరి తనే నడుపుకుంటూ వస్తోంది. దానికి చెప్పవలసిన మాటలు నా దగ్గర బోలెడున్నాయి. నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం చదివి ముసిముసిగా నవ్వుకుంటారని తెలుసు, నవ్వుకోనివ్వండి. కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతాను, మాట్లాడటానికే నాకు జీతమిస్తారు. ఇవాళ మాత్రం వంకాయలు తిప్పుతూ పిన్నిగారిని తలుచుకుంటున్నాను. ఆవిడ మాటల్లో చెప్పనిది ఒకటుంది, దానితో నాకీ సాయంత్రం పనిపడేలా ఉంది.

పిన్నిగారంటే మా అమ్మ చెల్లెలు కాదు. ఎనభైల మొదట్లో నేను పెళ్ళై ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్ వెనక వీధిలో ఉండేవారు. నాకు ఇరవై నాలుగు, ఆవిడకి నలభై దాటాయి. ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేవారు. వాళ్ళాయన శాస్త్రి బాబాయిగారు, కార్ల కంపెనీలో ఇంజనీరు. నేను ఎం.ఏ. చదివి, ఉద్యోగానికి వీల్లేని వీసా మీద వచ్చి, కారు నడపడం రాక, రోజంతా గోడలతో వాదించుకుంటూ ఉండేదాన్ని. గోడలు నాకు చాలేవి కావు. అందుకని వాళ్ళింటికి నడిచి వెళ్ళి బాబాయిగారితో వాదించేదాన్ని. ఆయనకీ అదే కావాలి. ఇందిరాగాంధీ దగ్గర మొదలుపెట్టి ఇంగువ దాకా ఏ విషయమైనా సరే. పిన్నిగారు మధ్యలో కాఫీ పెట్టి, "ఎవరు గెలిచారో చెప్పండి, వాళ్ళకి రెండో కప్పు," అనేవారు.

వాళ్ళ డ్రైవ్‌వేలో ఒక ట్రైలర్ ఉండేది. కారు వెనక తగిలించుకొని లాక్కెళ్ళే చిన్న ఇల్లన్నమాట. రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, బుల్లి ఫ్రిజ్, మూలన బాత్‌రూమ్. ఏటా వేసవిలో దాన్ని స్టేషన్ వ్యాగన్‌కి కట్టుకొని ఉత్తరాన నాలుగు గంటల దూరంలో ఉన్న స్టేట్ పార్కుకి వెళ్ళేవారు, సరస్సు ఒడ్డునే దిగేవారు. ఆ రోజుల్లో తెలుగువాళ్ళు సెలవుల్లో ఇంకో తెలుగువాళ్ళింటికి వెళ్ళి నేల మీద దుప్పట్లు పరుచుకు పడుకునేవారే తప్ప, డబ్బిచ్చి అడవిలో పడుకోవడమేమిటని అందరికీ వింతగా ఉండేది. పైగా ఆ బాత్‌రూమ్‌ని వాళ్ళు ఒక్కసారి కూడా వాడలేదు. వంట చేసుకునే చోటికి రెండు మూరల దూరంలో అదేమిటని బాబాయిగారు మొదటి రోజే తలుపుకి గొళ్ళెం వేసి, లోపల ఆవకాయ జాడీ, బియ్యం సంచి, మినపవడియాల డబ్బా సర్దించారు. అర్ధరాత్రైనా వానైనా టార్చిలైటు పట్టుకొని పార్కువాళ్ళ బాత్‌రూముల దాకా నడవాల్సిందే. "అంటే ఇప్పుడు ఆవకాయ బాత్‌రూమ్‌లో ఉందన్నమాట, అది ఫరవాలేదా?" అని నేనడిగితే, "వాడనంతవరకూ అది బాత్‌రూమ్ ఎలా అవుతుందమ్మాయ్?" అన్నారాయన.

నేను వచ్చిన రెండో ఏడు బాబాయిగారికి షుగర్ కళ్ళకి వచ్చింది. ఎదురుగా మనిషి ఉన్నాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. లైసెన్సు పోయింది, ఆ వెనకే ఉద్యోగమూ పోయింది. నాతో వాదించడం మానేశారు. నేనెంత పిచ్చి మాట మాట్లాడినా "అలాగే" అనేవారు. అది వినడం నాకు ఎంత కష్టంగా ఉండేదో చెప్పలేను. రోజూ కిటికీ దగ్గర కుర్చీ వేసుకొని ట్రైలర్ ఉన్న వైపు ముఖం పెట్టుకు కూర్చునేవారు. చూడలేరు, అయినా అటే. ఒకసారి మాత్రం నన్నడిగారు. "అక్కడ నీళ్ళ చప్పుడు ఇక్కడ లేదు కదూ?"

జూన్‌లో ఎవరింట్లోనో పాట్‌లక్, తలా ఒక వంటకం తెచ్చే విందు. ప్రసాదరావుగారని ఒక పెద్దమనిషి, ప్లేటులో పులిహోర పెట్టుకొని, అందరూ వినేలా అన్నాడు. "సుభద్రగారూ, ఆ ట్రైలర్ అమ్మేయండి. నాకిచ్చినా సరే. శాస్త్రిగారు నడపలేరు, మీ వల్ల కాదు. ముందుకి ఎవరైనా తోలతారు, దాన్ని వెనక్కి తోలి చెట్ల మధ్య పెట్టడం ఆడవాళ్ళ పని కాదు." నేను ఊరుకుంటానా? ఆయన తన సెడాన్‌ని వాళ్ళ గరాజ్ తలుపుకే గుద్దిన సంగతి దగ్గర్నుంచి మొదలుపెట్టాను. నేను ముగించేసరికి ఆయన పులిహోర చల్లారిపోయింది, నలుగురూ నవ్వారు. పిన్నిగారు నవ్వలేదు. ఆయన వైపు తిరిగి నెమ్మదిగా అన్నారు. "లేబర్ డేకి మాకు సరస్సు దగ్గర చోటు బుక్ అయి ఉంది. అక్కడ నా చేత్తో నేను పెట్టలేకపోతే, ట్రైలర్ మీరే తీసుకోండి. మాటిస్తున్నాను."

ఇంటికి వస్తూ కారులో దులిపేశాను. "ఎందుకిచ్చారు మాట? ఆయన నోరు నేను మూయించాను కదా!"

"మూయించావు. నువ్వే గెలిచావు. ట్రైలర్ మాత్రం డ్రైవ్‌వేలోనే ఉంది," అన్నారు పిన్నిగారు.

ఇంకాసేపు పోయాక ఆవిడే అన్నారు. "నాకూ తెలియాలి కదా వసూ. ఊరికే పెట్టుకుంటే అది ఆయన కళ్ళ ముందు రోజూ తుప్పుపడుతుంది."

ఆ వేసవి ఆదివారం పొద్దుటి పూటలన్నీ మూసి ఉన్న షాపింగ్ సెంటర్ పార్కింగ్ లాట్‌లో గడిచాయి. బోర్లించిన ప్లాస్టిక్ బకెట్లే చెట్లు. పిన్నిగారు స్టీరింగ్ దగ్గర, పక్క సీట్లో బాబాయిగారు, వెనక నేను. అంతకు ముందు ఏళ్ళ తరబడి వెనక నిలబడి చేతులూపే పని ఆవిడది. ఇప్పుడది నాకొచ్చింది. ట్రైలర్ని వెనక్కి నడపడంలో చిక్కేమిటంటే, స్టీరింగ్ ఎడమకి తిప్పితే అది కుడికి పోతుంది. కాస్త ఎక్కువైతే కారూ అదీ మోచెయ్యిలా మడుచుకుపోతాయి. "స్టీరింగ్‌ని కింద పట్టుకోవే, అప్పుడు చెయ్యి ఎటు జరిపితే అదీ అటే పోతుంది," అని బాబాయిగారు ఒక్కసారే చెప్పి, మళ్ళీ మౌనంగా కూర్చున్నారు. ఆయన వదిలిన ఖాళీని నేను పూరించాను. "ఎడమ! అయ్యో, మీ ఎడమ కాదు, నా... ఆగండాగండి, ఇంకొంచెం, పిన్నిగారూ, చెబుతుంటే వినరేం!" ఒక బకెట్ నలిగి అప్పడమైంది. ఆవిడ ఇంజను ఆపి, దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ నా దగ్గరకొచ్చారు.

"ఏమంటున్నావు ఇందాకట్నించీ?"

"ఎడమకి తిప్పమంటున్నాను. నేను చెప్పింది కరెక్టే!"

"కరెక్టే. ఎవరికి వినపడిందిట?"

ఇంజను మోతలో వెనక మాట ముందుకి రాదుట. ఆవిడకి ఉన్నదల్లా కారు తలుపు మీది ఆ పక్క అద్దం. "నువ్వు అందులో కనపడాలి. కనపడినంతసేపూ నేను వస్తాను, కనపడకపోతే ఆగిపోతాను. అంతే బేరం. నువ్వు అరుస్తూ అటూ ఇటూ పరిగెడితే, ట్రైలర్ని చూడనా, నిన్ను వెతుక్కోనా?" నాకు ఒళ్ళు మండింది. నా జీవితంలో ఎవరికీ నేను వినపడకుండా పోలేదు. అయినా ఆ తరవాత వారాల్లో చేతులతో చెప్పడం నేర్చుకున్నాను, సగం సగం.

వేసవి చివర, లేబర్ డే సెలవుల ముందు శుక్రవారం మధ్యాహ్నానికి పార్కు చేరాం. ట్రైలర్లు దిగే ఈ క్యాంపుగ్రౌండ్‌లలో ఒక ఆచారం ఉంది. కొత్త ట్రైలర్ వచ్చిందంటే, చుట్టుపక్కలవాళ్ళంతా మడత కుర్చీలు ఇటు తిప్పుకొని, చేతిలో బీరు పట్టుకొని, దాన్ని వెనక్కి పెట్టడం చూస్తారు. మొగుడూ పెళ్ళాలు అరుచుకుంటారు కదా, అది వాళ్ళకి ఉచిత వినోదం. స్టీరింగ్ దగ్గర చీర కట్టుకున్నావిడ కనపడేసరికి దూరపు కుర్చీలు కూడా దగ్గరకొచ్చాయి. మా చోటు రెండు పైన్ చెట్ల మధ్య ఇరుకు సందు. దాని చివర కరెంటు స్తంభం, ఆ వెనక పది బారల్లో నీళ్ళు. మొదటిసారి చెట్టుకి జానెడు దూరంలో ఆగారు. రెండోసారి మడుచుకుపోయింది. మూడోసారి నేను సైగలు చేస్తూనే ఉన్నాను, ఆవిడ ఆగిపోయారు. అద్దంలో నేను లేనుట. బకెట్ల దగ్గర ఎండ ఉంది, ఇక్కడ చెట్ల నీడ. నేను కట్టుకున్నది ముదురాకుపచ్చ పంజాబీ డ్రెస్సు.

చేపలు పట్టే టోపీ పెట్టుకున్న ఒక అమెరికన్ పెద్దాయన లేచి వచ్చి, "అమ్మా, తాళాలివ్వండి, ఒక్క నిమిషంలో పెట్టేస్తాను," అన్నాడు. మంచివాడే. నేను ఆయనకి నాలుగు మాటలు వినిపించబోతుంటే, పిన్నిగారు కిటికీలోంచి, "థాంక్యూ, ఇంకా కాదు," అన్నారు ఇంగ్లీషులో. తాళాలిస్తే ట్రైలర్ పోయినట్టే. అది టోపీ ఆయనకి తెలియదు, కారులో ఉన్న ఇద్దరికీ తెలుసు.

అప్పుడు బాబాయిగారు తలుపు తీసుకొని దిగారు. తెల్ల చొక్కా, తెల్ల పంచె. క్యాంపింగ్‌కి వస్తే ఆయన యూనిఫాం అదే. "అమ్మాయ్, ఇలా రా. కరెంటు స్తంభం ఎక్కడుందో చూపించు," అంటూ నా భుజం పట్టుకున్నారు. తీసుకెళ్ళాను. చేత్తో స్తంభాన్ని తడిమి, ఏళ్ళ తరబడి అలవాటైన లెక్కతో దాని నుంచి నాలుగు అడుగులు ముందుకేసి నిలబడ్డారు. ట్రైలర్ వెనక మూల ఎక్కడ ఆగాలో, సరిగ్గా ఆ చోటుకి మూరెడు పక్కన.

"బాబాయిగారూ, మీకు కనపడదు కదా!"

"నాకు కనపడకపోతేనేం? మీ పిన్నికి నేను కనపడితే చాలు."

"ఇటు తిరిగితే? తప్పుకోగలరా?"

"తప్పుకోవలసిన పనుండదు," అన్నారు. తరవాత, చాలా నెలల తరవాత, పాత గొంతుతో అన్నారు. "నువ్వు కాసేపు నోరు మూసుకుంటే మనం అన్నాలు తినొచ్చు."

నోరు మూసుకున్నాను. ఆయన మోచెయ్యి మాత్రం వదల్లేదు. నీడలో ఆ తెల్ల చొక్కా దీపంలా ఉంది. ఇంజను మళ్ళీ మొదలైంది. ఆ రేకు గోడ మా మీదకి మెల్లగా పెరుగుతూ వచ్చింది. టైర్ల కింద పైన్ కాయలు చిటచిటమన్నాయి. ఆయన చేతులూపలేదు, తల తిప్పలేదు. మొగుడు నిలబడ్డ వైపుకి అంత బరువుని వెనక్కి నడుపుకుంటూ ఆవిడ వస్తున్నారు, ఆయన నీళ్ళ చప్పుడు వింటున్నట్టు నిలబడ్డారు. ట్రైలర్ మూల ఆయన పక్కకొచ్చి ఆగింది. ఆయన చెయ్యి చాచి, ఆ వేడి రేకు మీద అరచెయ్యి ఆనించి, పైకీ కిందకీ నిమిరారు.

"కొంచెం వంకరగా ఉన్నట్టుందే, సుభద్రా!"

"అయితే మీరొచ్చి సరిచెయ్యండి!" అన్నారావిడ కారులోంచి. టోపీ ఆయన ఒక్కడే చప్పట్లు కొట్టాడు.

ఆ సాయంత్రం అందరూ నిప్పుల మీద సాసేజీలు కాలుస్తుంటే మేం వంకాయలు కాల్చాం. పిన్నిగారు ఆవకాయ కోసం బాత్‌రూమ్ గొళ్ళెం తీశారు. బాబాయిగారు పచ్చట్లో ఉల్లిపాయ వెయ్యకూడదన్నారు, వెయ్యాలని నేను వాదించాను, కంచాలు ఎండిపోయేదాకా వదల్లేదు. ఆవిడ మా ఇద్దరికీ రెండో కప్పు కాఫీ ఇచ్చారు. ప్రసాదరావుగారికి ట్రైలర్ దక్కలేదు. బాబాయిగారు ఉన్నన్నాళ్ళూ, ఆ దశాబ్దం చివరిదాకా, ఏటా ఆ చోటికే వెళ్ళారు. ఆయన నిలబడేవారు, ఆవిడ వెనక్కొచ్చేవారు. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా పిన్నిగారే, అదే పార్కింగ్ లాట్‌లో. నేను మారిపోయానని మాత్రం అనుకోకండి. మా కాలేజీలో ఏ మీటింగూ నా వల్ల టైముకి ముగియదు.

వంకాయలు దించి మూత పెట్టేసరికి వీధి మలుపులో ట్రక్కు కనపడింది. నీలిమ ఇంటి ముందు దాకా వచ్చి, ట్రక్కుని అడ్డంగా తిప్పి, వెనక్కి గరాజ్ వైపు పెట్టడానికి మొదలుపెట్టి, డ్రైవ్‌వే సగంలో ఆపేసింది. ఎదురింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చారు. నా నాలుక చివరన వరసకట్టి ఉన్నాయి మాటలు. ముందే ఎందుకు చెప్పలేదని, అతనేమన్నాడని, ఇప్పుడేం చేస్తావని. తెల్ల స్వెట్టర్ వేసుకొని వెళ్ళి, గరాజ్ తలుపు ఎడమ అంచు దగ్గర నిలబడ్డాను.

కిటికీ దిగింది. "అమ్మా? నువ్వు ఏం చెప్పట్లేదు. ఆర్ యూ ఓకే?"

"అద్దంలో కనపడుతున్నానా?" అని గట్టిగా అడిగాను.

ముక్కు తుడుచుకున్న గొంతుతో, "ఆ... కనపడుతున్నావ్," అంది.

చేతులు కిందకి వదిలేసి, కదలకుండా నిలబడ్డాను. ట్రక్కు మెల్లగా వెనక్కి రావడం మొదలుపెట్టింది.