పాయేయాకు నేను కొన్న బాణలి

దుకాణాల మధ్య పెరిగినవాణ్ణి. నెల్లూరులో మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. ఏ గిన్నెనైనా చేత్తో ఎత్తి బరువు చూడకుండా కొనలేను. దుబాయ్‌లో ఒక కేటరింగ్ కంపెనీకి సరుకులు కొనే ఉద్యోగం దొరికినప్పుడు, ఈ జబ్బుకు జీతమిచ్చేవాళ్లు కూడా ఉన్నారని మురిసిపోయాను.

కరోనా తర్వాతి ఏడాది. వంటవాళ్లలో సగం మందిని ముదీర్, అంటే మా మేనేజరు, అప్పటికే ఇళ్లకు పంపేశాడు. మిగిలినవాళ్లలో జగిత్యాల అన్న ఒకడు. బిర్యానీలో అతని చేతికి తిరుగులేదు, కానీ వీసా ఆ నెలాఖరుకు అయిపోతుంది. ఒక స్పెయిన్ ఆవిడ ప్రతి ఆదివారం మధ్యాహ్నం తన ఇంట్లో పాయేయా వండించుకోవాలనుకుంది. అది వాళ్ల ఆదివారపు అన్నం. ఆవిడకు నచ్చితే అన్న వీసా రెన్యూవల్, లేకపోతే ఖలాస్ అన్నాడు ముదీర్.

అన్న ఫోన్‌లో వీడియోలు చూసి వారం రోజులు నేర్చుకున్నాడు. "తమ్మీ, పెనం పెద్ద పళ్లెమంత వెడల్పుండాలె. లోతు మాత్రం రెండు వేళ్లంత, గంతే" అని వేళ్లు అడ్డంగా పెట్టి చూపించాడు. "బియ్యం పల్సగ పర్వాలె. కలుపొద్దు, మూత పెట్టొద్దు. అడుగున ఎర్రగ పట్టేదే అసలుదట."

అడుగంటినదాని కోసం ఎగబడే జనం ఉంటారని నేను నమ్మలేదు. నైఫ్ అనే పాత బజార్లో అదే ధరకు బాగా లోతున్న ఇనప బాణలి కనిపించింది. గంటసేపు బేరమాడి, మూత కూడా ఊరికే పట్టుకొచ్చాను.

"గిదేంది తమ్మీ? పళ్లెం తెమ్మంటే బావి తెచ్చినవ్."

"అదే రేటుకి రెట్టింపు ఇనుమన్నా! నలభై మందికి వండొచ్చు."

"తినేది ఆరుగురు. పోయి మార్చుకరా."

"బేరమాడి కొన్నది వాపసిస్తే ఆ బజార్లో నా పరువేం కావాల? నీ చేతికి గిన్నెతో పనేంది, వండన్నా."

నవ్వుతూనే అన్నాను. అన్న నవ్వలేదు.

ఆదివారం ఆవిడ ఇంటి పెరట్లో పొయ్యి పెట్టాం. వాళ్లు విడిగా పళ్లేలు పెట్టుకోరు. పెనం చుట్టూ కూర్చుని, ఎవరి ముందున్న అంచు నుంచి వాళ్లు చెంచాతో మధ్యకు తింటూ పోతారు. పక్కవారి భాగంలో చెయ్యి పెట్టరు. చివర్లో అడుగు గీరుకుంటారు. మా బాణలిలో అన్నం బెత్తెడు మందాన ముద్దయి కూర్చుంది. ఆవిడ చెంచాను అడుగుదాకా దించి గీకింది. తడి మెతుకులే వచ్చాయి. చెంచా పక్కన పెట్టి, "ఇది పాయేయా కాదు" అని ముదీర్‌తో మర్యాదగానే అంది.

ముదీర్ పొయ్యి దగ్గరికొచ్చి "క్యా హువా?" అన్నాడు. అన్న నా వైపు చూశాడు. నిజం చెప్పాల్సింది నేను. అక్కడా బేరమే ఆడాను. "బర్తన్ ఠీక్ నహీ థా, సర్" అని గిన్నె మీదికి తోశాను. అన్న వద్దంటున్నా ఆ గిన్నె తెచ్చింది నేనేనన్న మిగతా సగం నా దగ్గరే ఉంచుకున్నాను.

"తో కుక్‌కో పహలే బోల్‌నా థా" అని, ముందే చెప్పకపోవడం వంటవాడి తప్పేనని తేల్చేసి ముదీర్ కారు వైపు నడిచాడు.

అన్న బాణలిని కుళాయి కింద పెట్టాడు. "సూడు తమ్మీ, ఏం అంటలే. తోముడు గూడ అక్కర్లే."

ముదీర్ కారు ఇంకా గేటు దాటలేదు. పరుగెత్తితే అందేది. నేను బాణలి తుడవడానికి గుడ్డ వెతుకుతూ నిలబడ్డాను. నెలాఖరున అన్న జగిత్యాల వెళ్లిపోయాడు.