రైలుకు కట్టిన తాళ్లు

అండమాన్‌లో పుట్టి పెరిగిన మాకు ఓడలు తెలుసు, రైళ్లు తెలియవు. మా దీవుల్లో పట్టాలే లేవు. అయినా ఫిజిక్సు పుస్తకం తెరిస్తే చాలు, ఒక రైలు, అందులో ఒకాయన, ప్లాట్‌ఫారం మీద ఇంకొకాయన! ఆ రాసిన మహానుభావుడికి మా ఊరు బాంబూఫ్లాట్ ఫెర్రీ పడవ కనబడలేదా అని ఒళ్లు మండేది.

ప్లస్ టూ అయ్యాక మెయిన్‌లాండ్‌లో ఒక కాలేజీలో ఫిజిక్సు సీటుకు దరఖాస్తు పెట్టాను. నాన్నది హార్డ్‌వేర్ షాపు. "కంటికి కనబడని సదువెందుకే? నర్సింగ్ సదువు. ఇక్కడే ఉద్యోగం. బస్, అంతే! సీటొచ్చినా పంపను" అనేశారు. నాకేమో ఆ చదువు లేకపోతే ప్రాణం పోయేటట్టుండేది.

ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో జరిగింది. నాన్న పక్క గదిలో పేపరు చదువుతున్నట్టు నటిస్తూ చెవి ఇటే పడేశారు. తెర మీద పెద్ద ప్రొఫెసరు, తెలుగాయనే, అడిగారు: "కదిలే రైలు రెండు కొసల మీద రెండు పిడుగులు పడ్డాయి. ప్లాట్‌ఫారం మీద ఆ రెంటికీ సరిగ్గా మధ్యలో ఉన్నవాడు రెండూ ఒకేసారి పడ్డాయన్నాడు. రైలు మధ్యలో కూర్చున్నవాడు ఏమంటాడు?"

కళ్లు మూసుకుని ఊహించుకున్నాను. "సార్, ముందు తాళ్లు విప్పేశారు కదా?"

"తాళ్లేమిటి?"

"రైలును ప్లాట్‌ఫారానికి కట్టేస్తారు కదా సార్, అలలకు కొట్టుకుపోకుండా."

ఆయన కళ్లజోడు తీసి మరీ పగలబడి నవ్వారు. పక్క గదిలోంచి నాన్న నవ్వూ వినబడింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా పట్టు వదల్లేదు. "అతను ముందువైపు మెరుపుకు ఎదురెళ్తున్నాడు సార్, అదే మొదట కంటబడుతుంది. వెనకది అతణ్ణి తరుముకు రావాలి. వెలుగు వేగం అతనికీ రెండువైపులా ఒకటే. కాబట్టి ముందువైపు పిడుగే మొదట పడిందంటాడు."

"కరెక్టమ్మా. తాళ్లు కట్టినా జవాబు చెడలేదు చూశావా? వెలుగుతో పోటీపడే రైలును మేమూ చూడలేదులే. అయితే ఊహ ఎంత బాగున్నా, కొలిచి చూశాక ప్రకృతి కాదంటే మానుకోవాలి."

నేను ఊహించిన రైలు తప్పు, జవాబు ఒప్పు! మరి ఊహలో ఏది పారేయొచ్చో, ఏది పారేయకూడదో ఎలా తెలుస్తుంది? ఆ ప్రశ్నతో కొన్నాళ్లు అన్నం సయించలేదు.

సీటు వచ్చింది. ఒక ఉదయం షాపు సరుకు కోసం పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ నన్నూ ఫెర్రీ ఎక్కించారు. సగం దూరం వెళ్లాక గొంతు సవరించుకున్నారు.

"మరైతే ఏ పిడుగు ముందు పడినట్టే? నిజంగా?"

"ఇద్దరి మాటా నిజమే నాన్నా."

"హట్! రెండూ ఎలాగ నిజమవుతాయేటి? ఒకడు అబద్ధమాడతన్నాడు."

"ఎవరూ ఆడట్లేదు. 'ఒకేసారి' అన్నదే ఇద్దరికీ ఒకటి కాదట. లోకం అలా ఎందుకుందో నాకూ అర్థం కాలేదు. అందుకే వెళ్తానంటున్నా."

నాన్న మనసులో ఆ రైలును ముందుకూ వెనక్కూ నడుపుతున్నారని ముఖం చూస్తే తెలిసిపోతోంది. జెట్టీ దగ్గర పడుతుండగా నా వైపు తిరిగారు.

"వెళ్లు. అర్థమైన రోజు మాత్రం మొదట నాకే ఫోన్ చెయ్యాల, సమఝీ?"