అరెస్టుల పేజీలో ఒక పేరు

హిందూపురంలో ధర్మవరం బస్సెక్కాక, పక్క సీటులో ఉన్నామె నా ఫోను వైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"అక్కా, పోలీసులు పట్టుకున్నోళ్ల పేర్లు దీంట్లో వస్తాయంట గదా. మా ఆయన ఉండాడేమో చూస్తావా?"

వాళ్లది అమరాపురం దగ్గర పల్లె. ముందురోజు గొర్రెలు మేపుతున్న భర్తను ఎవరో జీపులో తీసుకుపోయారట. ఊరి దగ్గర స్టేషన్‌లో తమకు తెలియదన్నారట. హిందూపురం జైల్లోనూ అతను లేడట. ఇక ధర్మవరంలో వెతుకుదామని ఈ బస్సెక్కిందట.

"పేరేంటమ్మా?"

మొగుడి పేరు పలకడం అలవాటు లేక తటపటాయించి, చివరికి నా చెవిలో చెప్పింది.

పోలీసుల వెబ్‌సైటు తెరిచాను. గుట్టల మధ్య సిగ్నల్ పోయింది. ఆమె నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంది. పెనుకొండ దగ్గర పడుతుండగా పేజీ వచ్చింది. అతని పేరు, వాళ్ల నాయన పేరు, ఊరు. దొంగతనం కేసు, పెనుకొండ సబ్‌జైలుకు రిమాండ్. ఆమెకు ఎలా చెప్పాలో తెలియక తడబడుతూ చదివాను.

"జైల్లో ఉండాడా? అయితే బతికుండాడు గదక్కా!" అని ఆమె బావురుమంది. "ఇంగోసారి చదువు."

మళ్లీ చదివాను. బస్సు ఆగీఆగకముందే దిగి, ఆటోల వైపు పరుగెత్తింది.

ధర్మవరం చేరేదాకా నాకు ఆ పేజీ మూయబుద్ధి కాలేదు.