చూడి ఆవులు

దుల్మా పద్దెనిమిదేళ్లుగా గడ్డిమైదానాల్లోని ఒక సమష్టి క్షేత్రంలో పశువుల డాక్టరు. ఆవులన్నీ ప్రభుత్వానివే. ఏటా ఎన్ని దూడలు పుట్టాలో కూడా రాజధాని నుంచి కాగితం వచ్చేది. ఆ ఏడు చలి ముదురుతుండగా వేరే కాగితం వచ్చింది: క్షేత్రం రద్దు, ఇంటికి ఐదు ఆవుల చొప్పున పంచెయ్యండి. ముందు ఉద్యోగులు ఏరుకోవాలి, తరవాత కాపరులు.

దూరదూరపు మందలన్నిటినీ ఒక్కచోటికి తోలారు. రోగాలేమైనా ఉన్నాయేమోనని దుల్మా ఒక్కొక్కదాన్నీ పరీక్షించింది. ఏది చూడిదో, ఏది వట్టిదో ఆమె చేతికి తప్ప ఎవరికీ తెలియలేదు. ఆ మాట ఆమె పైకి అనలేదు. తన వంతు రాగానే బక్కచిక్కిన ఐదింటిని విడదీసుకుంది.

"ఆ ఎముకల గూళ్లెందుకే పిచ్చిదానా?" అని లెక్కల గుమాస్తా నవ్వాడు.

తరవాతి వంతు హోర్లోది. ముప్పై ఏళ్లు క్షేత్రంలో పాలు పితికిన ముసలామె. "డాక్టరమ్మా, ఈ మందలు నాకు కొత్త. ఏవి తీసుకోమంటావే?" అని అడిగింది.

"అన్నీ ఒకటేలే అక్కా" అంది దుల్మా, చేతి తొడుగులు సర్దుకుంటూ.

హోర్లో నున్నగా బలిసినవాటిని తోలుకుపోయింది.

మంచు కరిగేసరికి దుల్మా ఇంట ఐదు దూడలు. ఒకరోజు హోర్లో ఎండు పెరుగుముక్కలు మూటగట్టుకుని వచ్చింది. "నీ చెయ్యి చల్లనిది తల్లీ. మావి ఇంకా ఈనలేదు, ఓసారి చూసిపెట్టు."

దుల్మా వెళ్లింది. తెలిసిన సంగతే మళ్లీ చెయ్యిపెట్టి చూసింది. ముసలామె కళ్లలోకి చూడలేక ఆవు డొక్కకేసి మొహం తిప్పుకుని, "ఈ ఏడు కట్టలేదక్కా" అంది.

"పోన్లే, నా రాత. రా, టీ తాగుదువు."

ఆ టీలో పాలు లేవు. హోర్లో గుడారంలో పాలులేని టీ దుల్మా ఎన్నడూ తాగలేదు.

మర్నాడు రెండు ఆవులను దూడలతో సహా తోలుకొచ్చింది. నిజం చెప్పేద్దామనే దారంతా మాటలు కూడదీసుకుంది.

"ఇవెందుకే?" అంది హోర్లో.

"మాకు... మేత చాలట్లేదక్కా."

ముసలామె ఆమె బుగ్గలు రెండూ పట్టుకుని ముద్దాడింది. ఆ మాట గుడారం గుడారానికీ పాకింది. వేసవి పండుగలో పెద్దలు దుల్మాను పై వరసలో కూర్చోబెట్టి, "మంచితనమంటే ఈమెది" అన్నారు. ఆమె తలెత్తలేదు. సిగ్గుపడుతోందని అందరూ నవ్వారు.

హోర్లో మరో తొమ్మిదేళ్లు బతికి, ఆమెను దీవిస్తూనే పోయింది.