గంజి పట్టించిన నూలు

వేలూరులో మా మంత్రసాని చదువు చివరి మూడు నెలలు బయటి ఊళ్ళలోనే గడిచేవి. ఒక్కో విద్యార్థిని ఒక వీధిని ఎంచుకుని, అక్కడి కాన్పులు చూసి, తల్లీబిడ్డలను పదిరోజులు కనిపెట్టి, అంతా ఒక నివేదికగా రాయాలి. నాకు గుడియాత్తంలో తెలుగు నేతగాళ్ళ వీధి వచ్చింది. సంస్కరణ సభల్లో మా నాయన వాదనలు వింటూ పెరిగినదాన్ని. నివేదిక సంగతి తరువాత, ముందు వీధిని మార్చాలనుకున్నాను.

అక్కడ కాన్పులు చేసే ముసలమ్మ బొడ్డు కోసే కత్తి తుప్పు పట్టి ఉండేది. పదిమంది ఆడవాళ్ళ ముందు దాన్ని ఎత్తి చూపించి, దిష్టి, గాలి, దేవుడి కోపం అంటూ వాళ్ళు చెప్పిన కారణాలన్నిటినీ ఒక్కొక్కటిగా ఖండించాను.

"నీ పుస్తకం ఎన్నిసార్లు కన్నాది తల్లీ?" అని అడిగింది ముసలమ్మ.

అందరూ నవ్వారు. నేనూ వదల్లేదు. ఆమె చేతిలో పుట్టి, వారం తిరిగేసరికి దవడలు బిగిసి చనిపోయిన బిడ్డల సంగతి వాళ్ళ తల్లుల నోటనే చెప్పించాను. నవ్వులు ఆగిపోయాయి. ముసలమ్మ కత్తిని కొంగున చుట్టుకుని వెళ్ళిపోయింది. కత్తిని మరిగే నీళ్ళలో వేయనిదే వాడబోమని వీధి వీధంతా ఒప్పుకుంది.

వారానికోసారి జరిగే తరగతికి నేను వేలూరు వెళ్ళిన రోజునే ఒక ఇంటి కోడలికి తొలికాన్పు అయింది. ఆడబిడ్డ. తిరిగి వచ్చేసరికి ఆమె అత్త గడపలో ఎదురై, ముసలమ్మ విసుక్కున్నా వినకుండా కత్తి కాచి మరీ కోయించానని చెప్పింది. నాకు కళ్ళు చెమర్చాయి. పురుడు తీరేదాకా పరాయివాళ్ళు బిడ్డను ముట్టకూడదన్నారు. ఒక గెలుపు చాలనుకుని, ఆ ఒక్కదానికి తల వంచాను. రోజూ గడప దగ్గరే నిలబడి, బిడ్డ క్షేమమని రాసుకున్నాను.

ఏడోనాడు బిడ్డ రొమ్ము అందుకోలేదు.

ఇక ఎవరినీ అడగకుండా లోపలికి వెళ్ళి గుడ్డ విప్పాను. బొడ్డుకు కట్టినది బిరుసైన పడుగు నూలు. పులిసిన గంజి పట్టించి, ఎద్దుబండ్లు తిరిగే వీధి పొడుగునా సాచి, ఆ పేడదుమ్ములోనే ఆరబెట్టే నూలు.

ఎవరు కట్టారని అడిగాను.

"నేనే ఇచ్చినాను" అంది అత్త. "ముసలామె పాతగుడ్డ పేలిక తెచ్చినాది. నేసేవాళ్ళింట్లో నూలుకు కరువా అమ్మా?"

నా పెట్టెలో కాచిన దారం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. అందుకే దారం మాట చెప్పాలని నాకు తోచనే లేదు. నా ఉపన్యాసమంతా కత్తి మీదే.

రైల్లో బిడ్డను వేలూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాము. డాక్టరమ్మ చూసి, చీకటిగదిలో సద్దు లేకుండా ఉంచమంది. ఎవరైనా తలుపు ముట్టుకుంటే చాలు, బిడ్డ ఒళ్ళు విల్లులా వంగేది. పక్కన కూర్చుని దూదితో పెదవులు తడపడం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేదు. మర్నాడు బిడ్డ పోయింది.

నాలుగు రోజుల తరువాత వాళ్ళింటికి వెళ్ళాను. ముసలమ్మ అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. నన్ను దెప్పుతుందనుకున్నాను. దెప్పలేదు.

"నువ్వు చెప్పినట్టే కత్తి కాచినాము గదా అమ్మా. యాడ తప్పినాము?" అని అడిగింది అత్త.

నాకంటే ముందు ముసలమ్మే అందుకుంది. "తలరాత. దానికెవరేం చేస్తారు?" అని, నా కళ్ళలోకి చూసింది. ఊరుకోమన్నట్టుగా.

ఆ మాటను ఖండించడమే నా చదువంతా. ఖండిస్తే అత్త ఇచ్చిన నూలు సంగతి చెప్పాలి. ఊరుకుందామంటే, ఆ వీధిలో ఇంకా ఇద్దరు నెలలు నిండి ఉన్నారు.

"ఇకమీదట నూలు కూడా కాయండి" అన్నాను.

అత్త తన వేళ్ళకేసి చూసుకుంటూ ఉండిపోయింది. కోడలు లేచి గోడవైపు తిరిగి కూర్చుంది.